కుర్చీలో దండ వేసిన ఫొటో

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కోదాడలో సినిమా హాలు పక్కనే నాకు ఫొటో స్టూడియో ఉండేది. సెల్‌ఫోన్లు రాని కాలం. హాల్లో ఓ డబ్బింగ్ దయ్యం సినిమా వేశారు. ఎంత చవకగా తీశారంటే, గబ్బిలానికి కట్టిన దారం కనిపించేది. సాలెగూళ్లు పరుపులోంచి పీకిన దూది. దయ్యం పరుగెత్తితే తెల్లచీర కింద రబ్బరు చెప్పులు. అన్నీ తెలిసి కూడా, తెర మీద తలుపు కిర్రుమనగానే పక్కవాడి చేయి పట్టుకునేవాణ్ణి. ఏడుసార్లు చూశాను, ఏడుసార్లూ పట్టుకున్నాను. దూదితో, దారంతో అంత భయం పుట్టించిన ఆ మహానుభావులెవరో గానీ, వాళ్లకు ఇప్పటికీ దండం పెడతాను.

రెండో వారానికి జనం పలచబడ్డారు. హాలు మేనేజర్‌కు ఒక ఉపాయం తట్టింది. సినిమా చూస్తూ ఒకాయన భయంతో కుర్చీలోనే ప్రాణం విడిచాడని పుకారు పుట్టించాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, అందులో దండ వేసిన ఫొటో పెట్టాలి. ఫొటో నన్ను అడిగాడు. అంతకు కొద్దిరోజుల ముందే మోతె నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చి ఫొటో దిగి, తిరిగొచ్చాక తీసుకుంటానని చెప్పి, మందను మేపడానికి కృష్ణా నది దాటి వెళ్లాడు. అదే పెద్దది చేసి ఇచ్చాను. మనిషే ఊళ్లో లేడు, ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను. ఆ మనిషికి ఒక ఇల్లు ఉంటుందని ఎందుకు తట్టలేదు? తట్టినా పక్కకు నెట్టానా?

మర్నాటి నుంచి హాలు కిటకిటలాడింది. గరిడేపల్లి నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. కుర్చీ ముందు ఆగి చేతులు జోడించేవారు. అప్పటిదాకా నా ఫొటోలు రేషన్ కార్డుల మీదికి తప్ప ఎక్కడికీ పోలేదు. నేను తీసిన ముఖం ముందు వందలమంది నోరెత్తకుండా నిలబడేవారు. దాచడమెందుకు, గర్వమేసింది.

నాలుగో రోజు మ్యాట్నీకి మోతె ఆడవాళ్లు కొందరు వచ్చారు. ఇంటర్వెల్‌లో వాళ్లలో ఒకామె ఆ కుర్చీ దగ్గరే నిలబడిపోయింది. పక్కనే ఉన్న నన్ను పిలిచింది.

"అన్నా, గీయన మా ఇంటాయన లెక్కనే ఉన్నడు. గొర్లు తోలుకోని పోయిండాయన. సిన్మకెట్లొస్తడు?"

చుట్టూ జనం. మేనేజర్ నా వైపే చూస్తున్నాడు. ఒక్క నిజం చెబితే సరిపోయేది.

"నాకెరుక లేదమ్మా," అన్నాను. "మొన్న గీ కుర్చీలనే పానం పోయిందంట."

ఆమె ఏడవలేదు. "మరి గొర్లేడున్నయి?" అంది.

బెల్లు మోగింది. ఆమె బయటికి వెళ్లిపోయింది. వెంట పరుగెత్తి చెప్పొచ్చు. మర్నాడు బస్సెక్కి వెళ్లి చెప్పొచ్చు. శవం ఏదని వాళ్ల బంధువులు వస్తే, అనాథ శవమని దహనం చేసేశారని మేనేజర్ చెప్పాడు. అప్పుడూ నేను పక్కనే ఉన్నాను. ఫొటో తీసేయించాను గానీ, నోరు మాత్రం తెరవలేదు.

తర్వాతి సంగతి ఆ ఊరివాళ్లు చెప్పారు. ఆమె గాజులు పగలగొట్టారట. దినాలు చేశారట. నెల తిరక్కుండా ఆయన మందతో తిరిగొచ్చాడు. చూసినవాళ్లు కేకలు పెట్టి పరుగెత్తారు. సొంత భార్యే తలుపు గడియ పెట్టుకుంది. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా, పాదాలు చూపించమని కిటికీలోంచి అడిగిందట. ఆయన చెప్పులు విడిచి, తన వాకిట్లోనే కూర్చుని, రెండు కాళ్లూ చాపాడట. ఆమె నమ్మేదాకా అలాగే కూర్చున్నాడట. ఏ సినిమావాళ్లకూ చేతకాని పని నేను చేశాను. బతికున్న మనిషిని దయ్యాన్ని చేశాను.

ఆయన తన ఫొటోల కోసం స్టూడియోకు వచ్చాడు. అచ్చం తన పోలికలున్నవాడెవడో హాల్లో చచ్చిపోయాడట అని నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

ఆమె ఇప్పటికీ, ఆయన ఇంటికి రాగానే, ముఖం కంటే ముందు కాళ్లు చూస్తుందట.

ఆ ఫొటో ఇచ్చింది నేనే. ఆ మాట అన్నది నేనే. ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాను, అంతే. ఇన్నాళ్లకు కాస్త ఊపిరాడుతోంది.