గోడ మీద బోర్లించిన గ్లాసు

చెల్పూర్‌లో మొదటి రోజు తిన్న ఇడ్లీని నేను ఇప్పటికీ క్షమించలేదు. సోడా ఎంత పోశారో, బూరెలా ఉబ్బింది. వేలితో నొక్కితే నీళ్లు కారాయి. పైన పోసిన సాంబారు తియ్యగా ఉంది. సాంబారులో బెల్లమేమిటి, అదేమన్నా పాయసమా? "ఇక్కడ గిదే ఫేమస్" అన్నాడు మా ఆయన. ఫేమస్సట, నా మొఖం!

ఆయనకు అక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగం. పెళ్లయిన ఆర్నెల్లకు కొడకండ్ల నుంచి సామాను వేసుకుని క్వార్టర్‌లో దిగాం. దిగిన రెండో నెలలో నాకు నెల తప్పింది. అప్పటి నుంచి నా ముక్కు నా మాట వినడం మానేసింది. అన్నం ఉడికితే వాసన, పోపు వేస్తే వాసన. పక్క క్వార్టర్‌లో చేపలు కడిగితే మా ఇంట్లో నేను నోరు మూసుకుని బాత్‌రూముకు పరుగు. వేవిళ్లు మూడో నెలకు తగ్గుతాయని అందరూ అన్నారు. ఐదో నెల వచ్చినా నాకు తగ్గలేదు.

దవాఖానలో నర్సమ్మ నన్ను కాటా మీద నిలబెట్టి, ముల్లు చూసి, నా మొఖం చూసింది. "ఏంది బిడ్డా, కడుపుతోని ఉండి బరువు తగ్గుతున్నవ్? ఒంట్ల రక్తం సుత లేదు. నువ్వు తినకుంటే లోపటి పిల్ల ఏం తిని పెరుగుతది?" అంది. వచ్చేసారికి ఇట్లాగే ఉంటే వరంగల్ పెద్ద దవాఖానకు రాస్తానంది. మా ఆయన బిక్కచచ్చిపోయాడు. నాకు మాత్రం భయం కంటే ముందు కోపం వచ్చింది. తిననని నేనేమన్నా ఒట్టు పెట్టుకున్నానా? నోట్లో పెట్టుకునేట్టున్నది ఒక్కటి తెండి, తింటాను.

ఆయన పాపం భూపాలపల్లి హోటళ్లన్నీ తిరిగాడు. బిర్యానీ తెచ్చాడు. రంగు కలిపిన అన్నం, మూత తీయగానే డాల్డా కంపు. మిర్చి బజ్జీలు తెచ్చాడు. నల్లగా మరిగిన నూనె కాగితాన్ని దాటి సంచిలోకి కారింది. కర్రీ పాయింట్ నుంచి పప్పు తెచ్చాడు. అది పులిసి, నురగ కట్టి, చెంచా ఎత్తితే తీగలా సాగింది. ఇంకో రోజు టమాట చారులో వెంట్రుక. లాగుతుంటే మూరెడు పొడుగు వస్తూనే ఉంది. ఛీ! ఆ చారును గిన్నెతో సహా తీసుకెళ్లి చెత్తకుప్పలో పడేశాను.

నాకు కావాల్సింది పెద్ద పెద్ద వంటలేం కాదు. అమ్మ చేసే సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి సర్వ, అదే లోతు గిన్నె, లోపల అడుగున ఒత్తి, వేలితో తూట్లు పెట్టి, ఆ తూట్లలో నూనె చుక్కలు వేసి ఎర్రగా కాలుస్తుంది. లేదంటే జొన్నరొట్టె, పుంటికూర అనే గోంగూర. డిగ్రీ చదివాను గానీ వీటిలో ఒక్కటీ నేర్చుకోలేదు. ఒక రోజు పౌరుషం వచ్చి సర్వపిండికి పూనుకున్నాను. మొదటిది మాడింది. ఒకటి తీశాక సర్వను నీళ్లలో ముంచి చల్లార్చి గదా రెండోది ఒత్తేది! ఆ సంగతే మరిచి, కాలే సర్వలో చేయి పెట్టి నాలుగు వేళ్లు బొబ్బలెక్కించుకున్నాను.

ఆ బొబ్బల మీద టూత్‌పేస్టు పూసుకుని వెనక గుమ్మంలో కూర్చున్న మధ్యాహ్నమే నాకా వాసన తగిలింది. కాలిన జొన్నపిండి, ఎల్లిపాయ కారం. మా క్వార్టర్ల వరస ఊడ్చే ఆమె గోడ నీడలో కూర్చుని మూట విప్పుకుని తింటోంది. వాళ్లది దంతాలపల్లి అవతల ఒక తండా. మొగుడి కూలి పనికని వచ్చి, క్వార్టర్ల వెనక రేకుల గదిలో ఉంటున్నారు. నా కంటే నాలుగైదేళ్లు పెద్దది.

నేను అడగలేదు. నోరూరుతుంటే చూస్తూ కూర్చున్నాను, అంతే. ఆమెకు అర్థమైంది. "బాటి తింటవా అమ్మా? మీరు జొన్నరొట్టె అంటరు గద, గదే" అంటూ ముట్టని రొట్టె ఒకటి కాగితంలో పెట్టి గుమ్మం మీద ఉంచింది. తిన్నాను. గంట గడిచింది. కడుపులోనే ఉంది. రెండు గంటలు గడిచాయి. నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె నా కోసం రెండు రొట్టెలు ఎక్కువ చేసుకొచ్చేది. ఊరికే తినడం బాగుండదని నేను చాయ్ పెట్టి ఇచ్చేదాన్ని. ఆ చాయ్ ఎప్పుడూ ఒకే గ్లాసులో పోసేదాన్ని. అంచు దగ్గర సొట్ట పడిన స్టీలు గ్లాసు. ఆమె తాగి, కడిగి, వెనక గోడ మీద బోర్లించి పోయేది. కొడకండ్లలో మా ఇంట్లోనూ అంతే. పొలం పనికి వచ్చేవాళ్ల గ్లాసులు బయట గోడ మీదే ఉంటాయి. అట్లా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఆమె చేసిన రొట్టె నా కడుపులోకి పోతోంది, ఆమె తాగిన గ్లాసు మాత్రం నా ఇంట్లోకి రావడం లేదు. అప్పుడు నాకందులో వింతేమీ కనిపించలేదు.

ఈసారి కాటా ముల్లు పైకి జరిగింది. నర్సమ్మ నవ్వింది.

ఆ వారమే అమ్మ వచ్చింది. పత్తి ఏరుడు పని నడుస్తోందని ఒక్క రోజుకే వచ్చింది. నా కోసం సర్వపిండి తెచ్చింది. వేడి మీదే స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించిందట. జనగామలో ఒక బస్సు, హనుమకొండలో ఇంకో బస్సు మారి వచ్చేసరికి అది చెమటపట్టి, జిగురొచ్చి, పులిసిన కంపు కొట్టింది. నెలల తరబడి కలవరించిన సర్వపిండిని ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని అమ్మ ముందే కక్కాను.

అమ్మ నా వీపు రాస్తూ వంటగట్టు మీది రొట్టెల మూట చూసింది. "మరి గీ రొట్టెలు ఎక్కడియి?"

"నేనే చేసిన."

"నీకు రొట్టె కొట్టుడు ఎప్పుడొచ్చింది బిడ్డా?"

"హోటల్‌కెళ్లి తెప్పించిన" అన్నాను.

వెనక గుమ్మం బయట ఊడ్చే ఆమె చాయ్ తాగుతోంది. విన్నది. గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించి, చీపురు తీసుకుని వెళ్లింది. అమ్మ ఏమంటుందోనని భయపడ్డాను గానీ, నిజం చెబితే ఏమీ అనకపోయేదేమో కూడా. అబద్ధం మాత్రం తడుముకోకుండా వచ్చింది.

తర్వాత ఆమె ఊడ్వడానికి వచ్చింది, రొట్టె తేలేదు. ఒక రోజు కాదు, ఐదు రోజులు. నేను మళ్లీ బాత్‌రూము పాలయ్యాను. ఆరో రోజు కళ్లు తిరిగి వంటింట్లో పడ్డాను. మా ఆయన వరంగల్ పోదాం పదమంటుంటే, "జర ఆగు" అని లేచి గోడ పట్టుకుని రేకుల గదికి నడిచాను.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. "అక్కా, ఆకలైతున్నది" అన్నాను. అంతకు ముందెప్పుడూ అక్కా అని పిలవలేదు.

"అయ్యో, లోపటికి రా" అని పీట వేసింది. "మీ అమ్మకు తెలిస్తే నీకు ఇబ్బందని తేలే, అంతే" అంది. మాటలో కోపం లేదు, ఉంటే బాగుండేది. లేచి పైనున్న చెక్క మీది నుంచి ప్లాస్టిక్ కవరు దింపింది. లోపల కొత్త పళ్లెం. అడుగున కాగితం బిళ్ల కూడా ఊడలేదు. దాన్ని రెండుసార్లు కడిగి వేడి రొట్టె వేసింది.

"గిది నీకే తెచ్చిపెట్టిన. మేం ఎవ్వలం దీంట్ల తినలే. ఎప్పుడన్న వస్తే మా పళ్లెంల నీకు తినబుద్ధి కాదేమోనని."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పళ్లెంలోనే రెండు రొట్టెలు తిన్నాను. మీ పళ్లెంలోనే పెట్టమని అనడానికి నోరు రాలేదు. రొట్టెలు కడుపులో నిలిచాయి. ఆ కడుపున పుట్టిన పిల్లే ఇప్పుడు నా పక్కన కూర్చుని ఎల్లిపాయ కారం నాకుతోంది.

ఇంటికి వచ్చి గోడ మీది గ్లాసు తీసి, తోమి, లోపల స్టాండులో మిగతా వాటితో కలిపి పెట్టాను. కాసేపటికి దాహమైంది. స్టాండు మీదికి పోయిన చెయ్యి సొట్ట చూసి పక్క గ్లాసు మీదికి జరిగింది. ఛీ, అన్నాను గట్టిగానే. ఇడ్లీని, బిర్యానీని, చారును అన్న ఛీ అదే. ఈసారి ఎదురుగా ఏ గిన్నే లేదు. సొట్ట గ్లాసు తీసుకుని నిండా నీళ్లు పట్టుకుని తాగాను.

మర్నాడు ఆమె రొట్టెలు తెచ్చింది. స్టాండులో చేతికి అందిన మంచి గ్లాసు తీసి చాయ్ పోసి ఇచ్చాను. ఆమె తాగి, శుభ్రంగా కడిగి, గోడ మీద బోర్లించి వెళ్లిపోయింది.