టైపు మిషన్ మీద రౌటరు పాఠాలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు ఇంట్లోనే కూర్చుని నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాసింది. ఇంట్లో పరీక్షేమిటని నేనూ మీలాగే ముక్కున వేలేసుకున్నాను గానీ ఇప్పుడు అలాగేనట. ల్యాప్‌టాప్ మీదున్న కెమెరాలోంచి ఎక్కడో ఎవరో చూస్తూ ఉంటారట, గదిలోకి రెండో మనిషి తొంగి చూసినా, పక్కనుంచి మాట వినపడినా పరీక్ష రద్దు చేసేస్తారట. అందుకని ఆ పిల్ల నన్ను తలుపు బయట కుర్చీ వేసి కాపలా కూర్చోబెట్టింది. కూరగాయల బండి అతన్ని చేత్తో సైగ చేసి పంపించేశాను, కుక్కరు కూత పెడుతుందని పొయ్యి కట్టేశాను, ఫోను నోరు నొక్కేశాను. ఇన్ని చేసి తలుపుకి చెవి ఆనించి వింటే లోపల చిన్న చప్పుడైనా లేదు, పరీక్ష రాస్తోందో కునుకు తీస్తోందో తెలియలేదు. ఇలాంటి పరీక్షకే ఇరవై ఏళ్ళ కిందట నేను చదివినప్పుడు, ఆ చప్పుడుకి మా కింది వాటాలో వాళ్ళు మధ్యాహ్నం నిద్ర మీద ఆశ వదులుకున్నారు. ఎందుకంటే నేను ఆ పరీక్షకి చదివింది టైపు మిషన్ మీద.

గుంటూరు అరండల్‌పేటలో, ఒక మందుల షాపూ ఒక కాపురమూ ఉన్న మేడ మీద, మా మేనమామకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మాది నల్లపాడు. నాన్నది దూది ఏకి పరుపులు కుట్టే పని, తాతల నాటినుంచి మావాళ్ళందరిదీ అదే పని. మామయ్య కూడా అందులోనే ఉండాల్సినవాడు గానీ ఆయనకి దూది పడదు, చిన్నప్పుడు దూది ఏకే వింటిదారం మోగితే చాలు తుమ్ములు మొదలయ్యేవట, చూసి చూసి మా తాత విసుగెత్తి పట్నం పోయి టైపు నేర్చుకోమని తోలేశాడు. అలా దూదికి భయపడి గుంటూరు చేరిన మనిషి, ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చి యార్డుకి వెళ్ళే లారీల ఘాటుకి అంతకంటే ఎక్కువ తుమ్ముతూ బతికాడు. తప్పించుకున్నాననుకుంటాం గానీ ఎక్కడికి తప్పించుకుంటాం అని ఆయనే నవ్వేవాడు.

మీలో టైపు నేర్చుకున్నవాళ్ళుంటే ఆ హాలు ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. బారులు తీరిన మిషన్లు, నూనె వాసన, వేళ్ళకంటిన రిబ్బను నలుపు, చిటికెన వేలుతో ఏ అక్షరం కొట్టలేక ఏడుపు మొహం పెట్టే కొత్త పిల్లలు, లైను చివరకొచ్చినప్పుడల్లా ఒక్కో మిషన్ లోంచి ఒక్కో గంట. గవర్నమెంటు పరీక్షకి మన మిషన్ మనమే రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినంత జాగ్రత్తగా హాలుకి మోసుకుపోయేవాళ్ళం. ఆ పరీక్షలో రబ్బరుతో చెరపడం ఉండదు, కొట్టిన అక్షరం కొట్టినట్టే, తప్పుకి మార్కు పోతుంది. చాలామంది తప్పు పడగానే అయ్యో అని దాన్నే చూస్తూ ఆగిపోయి, ఆ కంగారులో మరో రెండు తప్పులు చేసేవాళ్ళు. మామయ్య మాకు వీపు తిప్పి కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడేవాడు గానీ ఎవరి చెయ్యి ఆగిందో ఆయన చెవికి తెలిసిపోయేది. తప్పు పడితే పడింది, చెయ్యి మాత్రం ఆపకు అని వెనక్కి తిరక్కుండానే అనేవాడు. మా అందరికీ ఆయన నేర్పిన విద్య అదొక్కటే అన్నా తప్పు లేదు. నేను టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసై, డిగ్రీ అయ్యాక ఆ హాల్లోనే పిల్లలకి నేర్పడానికి కుదురుకున్నాను. నా వేళ్ళ మీద నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే.

రెండు వేల సంవత్సరం దాటేసరికి కంప్యూటర్లు వచ్చి ఆ మిషన్ల మీద గుడ్డలు కప్పించాయి. మామయ్య కూడా పాతవి రెండు కంప్యూటర్లు తెచ్చి ఓ మూల పెట్టాడు గానీ అప్పటికే ఎదురుగా అద్దాల తలుపుల సెంటరు ఒకటి వెలిసింది. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మార్టూరు గ్రానైటు యూనిట్లు, ఊళ్ళోని కాలేజీలు, అందరూ కంప్యూటర్లు కొని వాటిని తీగలతో ఒకదానికొకటి కలిపించుకుంటున్న రోజులు. కుర్రాళ్ళు మా మెట్లెక్కి వచ్చి నెట్‌వర్కింగ్ చెబుతారా అని అడగడం, లేదనగానే వచ్చిన మెట్లే దిగి ఎదుటి అద్దాల తలుపు తోసుకుని వెళ్ళడం, మామయ్య కిటికీలోంచి అది చూడడం. ఆ కాలంలో ఆయన రోడ్డు చూడడం తగ్గించేశాడు.

ఇన్‌స్టిట్యూట్లకి వేసవే పంట. పదో తరగతి పరీక్షలయ్యాక పిల్లలు ఇంట్లో అల్లరి చేస్తారని ఏదో ఒకటి నేర్చుకోమని పంపేవాళ్ళు, ఆ రెండు నెలల రాబడితోనే ఏడాదంతా అద్దె గడిచేది. ఆ ఏడు సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం మిషన్ల మీద గుడ్డలు సర్దుతూ మామయ్య తన నిర్ణయం చెప్పేశాడు. వేసవిలోగా బోర్డు మీద నెట్‌వర్కింగ్ అని రాయించలేకపోతే తాళం వేసేస్తాడట.

"తాళం వేసి ఏం చేస్తావు మామా?"

"మీ నాన్న దగ్గర దూది ఏకుతా."

"నీకు పడదుగా."

"పడకపోతే తుమ్ముతా."

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. బోర్డు రాయించడానికేం, ఎదుటివాళ్ళలా ముందు రాయించేసి తర్వాత చూసుకోవచ్చు, కానీ ఆ సర్టిఫికెట్ పరీక్ష పాసైన మనిషి ఇంట్లో లేకుండా ఆ మాట గోడకెక్కించడం ఆయనకి చేతకాదు. యాభై దాటిన తలలోకి ఈ చదువు ఎక్కదని ఆయన తేల్చేసుకున్నాడు. మిగిలింది నేను. పరీక్ష నేను రాస్తానన్నాను, పాసవుతానని కూడా అనేశాను. అప్పటికి నెట్‌వర్క్ అంటే ఏమిటో నాకు తెలియదు.

హైదరాబాదు నుంచి లావుపాటి పుస్తకం ఒకటి తెప్పించాం. మొదటి వారం అది నన్ను చదివిందే తప్ప నేను దాన్ని చదవలేదు. తర్వాత మెల్లగా దారి పడింది. ఒక పెద్ద నెట్‌వర్కుని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టే లెక్కలుంటాయి, అందరినీ ఏడిపించేవి అవే. ఒకరోజు నాన్న పరుపు కుడుతుంటే పక్కన కూర్చుని ఆ లెక్కలు వేసుకుంటున్నాను, ఏమిటమ్మా అది అన్నాడు. నువ్వు పరుపుకి అడ్డంగా నిలువుగా కుట్లు వేసి ఏ గడిలో దూది ఆ గడిలోనే ఉండేట్టు చేస్తావు చూడు, అలాంటిదే నాన్నా అని ఎంతో తెలిసినదానిలా వివరించాను. ఆయన అంతా శ్రద్ధగా విని, మరి దీనికి దిండ్లు కూడా ఉంటాయా అన్నాడు. ఇప్పటికీ ఆ లెక్కలు ఎవరికైనా చెప్పాల్సివస్తే నాకు ముందు దిండ్లే గుర్తొస్తాయి.

లెక్కలు కాగితం మీద చేసుకోవచ్చు, చిక్కంతా రౌటరుతో వచ్చింది. ఒకచోటి కంప్యూటర్ల మాటని ఇంకోచోటికి దారి చూపి పంపించే పెట్టె అది, దానికి వరసగా ఆదేశాలు టైపు చేసి పని చెప్పాలి, పరీక్షలో అదీ చేయించి చూస్తారు. ఆ పెట్టె కొనే తాహతు మాకు లేదు, ఎదుటి సెంటరులో ఒకటుందని విన్నాం గానీ అడగడానికి మామయ్యకి మొహం చెల్లలేదు. అప్పుడు నాకే తోచింది, ఇదీ టైపే కదా అని. మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉండేది. కిటికీ పక్కనున్న మిషన్ మీద గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, పుస్తకంలోని ఆదేశాల్ని పాత రోజుల్లో పాఠాలు కొట్టినట్టే పేజీలకి పేజీలు కొట్టడం మొదలుపెట్టాను. ఆదేశం ఇస్తే రౌటరు బదులు చెబుతుంది, టైపు మిషన్ చెప్పదు కదా, ఆ పని మామయ్య తీసుకున్నాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుని, నేను లైను పూర్తి చేసి మీట తోయగానే, రౌటరు ఏమంటుందో అది తను అనేవాడు. సరిగ్గా కొడితే తర్వాత రావలసిన మాట చదివేవాడు. ఒక్క అక్షరం తేడా పడితే రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతుతో "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అనేవాడు. మొహంలో నవ్వు కనపడనిచ్చేవాడు కాదు. మేనకోడలినని ఒక్కసారైనా దయ చూపిన పాపాన పోలేదు, అసలు రౌటరు కూడా అంత కఠినంగా ఉండదని నాకు తర్వాత తెలిసింది. ఓసారి కింది వాటా ఆవిడ ఈ చప్పుడేమిటని గట్టిగా అడుగుదామని పైకి వచ్చి, మామయ్య ఇంగ్లీషులో నన్ను తప్పు పట్టడం కాసేపు చూసి, వచ్చిన దారినే దిగిపోయింది.

పరీక్ష మార్చిలో, విజయవాడలో. పొద్దున్నే బస్సులో మామయ్య నాతో వచ్చాడు. దారిపొడవునా కిటికీలోంచి పొలాల్ని చూస్తూ ఒళ్ళో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. మెట్ల దగ్గర మాత్రం, బిస్మిల్లా అనుకుని మొదలెట్టు అని తను కింద టీ బంకు దగ్గర ఉండిపోయాడు.

లోపల ఏసీ చలి, అద్దాల గది, నా ముందు ఒక కంప్యూటరు. మొదటి ప్రశ్నే ఇంత బొమ్మ వేసి పేజీ నిండా ఉంది. మన బళ్ళో మాష్టార్లు మనకేం నేర్పారు? తెలిసినవి ముందు రాయండి, కష్టమైనవి వదిలెయ్యండి, చివర్లో తీరిగ్గా చూసుకోవచ్చు అని కదా. గుంటూరు జిల్లాలో ఉగ్గుపాలతో పోసిన మంత్రం అది. నేనూ దాన్ని వదిలి తర్వాతది నొక్కాను. ఏదో హెచ్చరిక గడి ఒకటి వచ్చింది, చదివే ఓపిక ఎవరికుంది, నా వేళ్ళ వేగానికి అది కనపడీ కనపడకముందే సరేనని కొట్టేశాను. రెండో ప్రశ్నా అలాగే ఉంటే దాన్నీ వదిలేశాను. తర్వాత నాలుగైదు గబగబా చేసి, ధైర్యం వచ్చి, మొదటిదాని దగ్గరకి వెళదామని చూస్తే వెనక్కి వెళ్ళే మీట ఎక్కడా లేదు. తెర నాలుగు మూలలూ వెతికాను. ఆ పరీక్షలో దాటిపోయిన ప్రశ్న మళ్ళీ రాదు. ఆ హెచ్చరిక గడిలో ఉన్న ముక్క అదే.

పైన గడియారం పరుగెత్తుతోంది, నేను మాత్రం లేని రెండు ప్రశ్నల్ని చూస్తూ కూర్చున్నాను. కిటికీ పక్కన ఖాళీ మిషన్లు, కింద టీ బంకు దగ్గర మామయ్య, మా నాన్న దుకాణంలో దూది మధ్య కూర్చుని తుమ్ముతున్న మామయ్య, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. ఉన్నట్టుండి, వీపు తిప్పి నిలబడ్డ ఆ మనిషి నా చెయ్యి ఆగిందని ఈపాటికి పసిగట్టే ఉంటాడనిపించింది. అంతే, సిగ్గేసింది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను. కొట్టిన అక్షరం వెనక్కి రాదు, అది నాకు కొత్తా? ఆ పైన ఒక్కో ప్రశ్న చదవడం, ఆలోచించడం, జవాబు పెట్టడం, మళ్ళీ దానివంక చూడకపోవడం. చివరివైపు రౌటరుకి ఆదేశాలిచ్చే నల్లటి తెర వచ్చింది. పుట్టి బుద్ధెరిగి నేను చూసిన మొదటి రౌటరు అదే, అదీ ఉత్తుత్తిది. వేళ్ళు వాటంతటవే నడిచాయి. లైను కొట్టి ఎంటరు నొక్కగానే మామయ్య అనే మాటే తెర మీద పడింది, ఆయన గొంతే వినపడింది, నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అయిపోయిన మరుక్షణం ఫలితం వచ్చేసింది. అక్కడి అమ్మాయి ముద్ర వేసిచ్చిన కాగితం మడిచి సంచీలో పెట్టుకుని దిగాను. మామయ్య లేచి నిలబడ్డాడు. ముందు చెడు మాటే చెప్పాను, రెండు ప్రశ్నలు వదిలేశాననీ, వెనక్కి వెళ్ళే వీల్లేదని తెలియలేదనీ. ఆయన పాసయ్యావా అని అడగలేదు.

"చెయ్యి ఆగిందా?" అన్నాడు.

"ఒకసారి ఆగింది మామా."

"తర్వాత?"

"తర్వాత ఆగలేదు."

"అయితే పాసయ్యుంటావులే, టీ తాగు" అని నాకు గ్లాసు అందించాడు. నేను సంచీలోంచి కాగితం తీసేలోపు అటు తిరిగి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. తుమ్ములని చెప్పాడు గానీ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఏప్రిల్లో బోర్డు మారింది. ఆ వేసవిలో మా మెట్లు ఖాళీగా ఉన్న రోజు లేదు. రౌటరు కూడా కొన్నాం, కానీ కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి వారం మాత్రం టైపు మిషన్ మీదే పాఠం, మామయ్యే రౌటరు. అది చూసి నవ్విన కుర్రాళ్ళే తర్వాత ఫ్యాక్టరీల్లో కుదురుకుని మిఠాయి పొట్లాలతో వచ్చారు. మామయ్య చూపు మందగించేదాకా అలా నడిచింది, ఆ తర్వాత నేను కాలేజీ ల్యాబులో ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఆయనే, తన ఇష్టంతో, తీరిగ్గా తాళం వేశాడు. దూది ఏకవలసిన అవసరం రాలేదు. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది.

మొన్న తలుపు తెరుచుకుని పిల్ల వెలిగే మొహంతో బయటికొచ్చింది, పాసైంది. దాని పరీక్షలో అనుమానంగా ఉన్న ప్రశ్నలకి గుర్తు పెట్టుకుని చివర్లో మళ్ళీ వెళ్ళి దిద్దుకోవచ్చట. మంచిదే, నేర్చుకునేవాళ్ళకి అంత దయ ఉండాల్సిందే. పొయ్యి వెలిగించాను, వాళ్ళ నాన్న ఫోను చేశాడు, అమ్మ చేసింది, స్నేహితులు చేశారు, అందరూ మార్కులెన్ని అనే అడిగారు. నేను మాత్రం ఉండబట్టలేక, చెయ్యి ఆగిందా అమ్మా అని అడిగాను. ఏ చెయ్యి అత్తా అంది, పాపం, నిజంగానే అర్థంకాక. ఏంలేదులే, టీ తాగు అని గ్లాసు అందించి, ఎందుకో నేనూ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.