పెదనాన్న తీసుకోని రొట్టె

పోయిన నెల మా పెదనాన్న పోయారు. కబురు చెప్పింది పెద్దమ్మే. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చి మా క్వార్టర్ గుమ్మంలో నిలబడి, "మీ పెదనాన్న అయిపోనాడే. మీ నాన్నకి సెప్పు," అని, పొయ్యి వెలిగించుకోవాలంటూ వెళ్ళిపోయింది. చనిపోయాక ఎవరైనా మంచివాళ్ళయిపోతారు. పెద్దమ్మ దగ్గర ఆయనకి ఆ మర్యాద కూడా దక్కలేదు.

బెంగాల్లో మా రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆయన వ్యాన్ రిక్షా అవసరం పడని ఇల్లు లేదు. వర్క్‌షాప్‌లో ఫిట్టరు పని అయ్యాక, ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నొప్పులొచ్చినా, రిక్షా వెనకాల ఉండే చెక్క బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తొక్కేవారు. తెలుగువాళ్ళా బెంగాలీలా అని చూసేవారు కాదు. అయినా గోల్‌బజార్ చేపల కొట్ల దగ్గర మనవాళ్ళు ఆయన్ని 'సారా పాదిరి' అనే పిలిచేవారు. ఆయన నవ్వి, "నిజమే కదేటి?" అనేవారు.

నిజమే. ఎనభైల మొదట్లో ఆయనకో కూతురుండేది, నాకంటే చిన్నది. దానికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చిన మధ్యాహ్నం, రిక్షా తెస్తానని వెళ్ళిన మనిషి పూరీ గేట్ సారా కొట్టులో కూర్చుండిపోయాడు. పెద్దమ్మ చూసి చూసి, పిల్లను భుజానేసుకుని నడిచింది. ఆసుపత్రి చేరేసరికే పిల్ల పోయింది.

పిల్లను పూడ్చాక ఆయన సమాధుల దగ్గరే పడి ఉంటే మా పాస్టరు గారు వెళ్ళి కూర్చున్నారు. ఓదార్చలేదు. "నీ పాపం ప్రభువు మోసినాడు. లెగు. పక్క లైన్లో ముసలమ్మకి ఒంట్లో బాగోనేదు, నువ్వు ఆవిణ్ణి మొయ్యి," అన్నారట. పెదనాన్న లేచారు. మళ్ళీ తాగలేదు.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు సంస్కారంగా రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మీమీద ఎవరికైనా కోపముంటే ముందు సమాధానపడి రండని పాస్టరు గారు చెప్పాకే రొట్టె పళ్ళెం కదులుతుంది. మాలో చాలామంది ఆ మాట వినీ విననట్టు ఊరుకుంటాం. పెదనాన్న మాత్రం లేచి నిలబడి ఆడవాళ్ళ వైపు చూసేవారు. పెద్దమ్మ తలాడిస్తే చాలు, తీసుకునేవారే. ఆమె పాటల పుస్తకం తిరగేసేది. ఆయన పళ్ళెం పక్కవాళ్ళకి అందించి కూర్చునేవారు. ఆడవాళ్ళ వైపు వచ్చినప్పుడు పెద్దమ్మ తన రొట్టె తను తీసుకునేది. ఇన్నేళ్ళూ అంతే.

"ఇంక సాలదా పెద్దమ్మా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అందరి పిల్లల్నీ మోసినాడే. నా పిల్లని మొయ్యనేదు," అంది బియ్యం చెరుగుతూ.

ఆ మాట పెదనాన్నకి చెబితే, "ప్రభువు నన్ను క్షమించినాడు, అది ఆయన దయ. మీ పెద్దమ్మ కూడా క్షమించాలని రూలేటీ నేదమ్మా," అన్నారు. ఆయనంటే నాకు ముందే ప్రాణం. ఆ రోజు నుంచి మరీను.

చివరికి ఊపిరి అందక ఆయనా ఆసుపత్రి మంచం ఎక్కారు. పాస్టరు గారు రొట్టె పట్టుకుని వచ్చారు. పెద్దమ్మ గంజి తాగించి, మూతి తుడిచి, దుప్పటి సర్దింది. పెదనాన్న ఆమె వైపే చూశారు. ఆమె గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఒద్దండి పాస్టరు గారూ," అన్నారు ఆయన. తెల్లారేసరికి పోయారు.

ఈ నెల మొదటి ఆదివారం పళ్ళెం మా బెంచీకి వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ లేచి నిలబడింది. మగవాళ్ళ వైపు, పెదనాన్న కూర్చునే చోటు చూసింది. అక్కడ ఎవరో కొత్తాయన పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. పెద్దమ్మ అలాగే చూసి చూసి, రొట్టె ముట్టకుండా పళ్ళెం నా చేతిలో పెట్టింది.