పెద్దల్లుడి కార్డు, నా నడుం నొప్పి

ఆ రోజుల్లో ఉప్పల్‌లో మనిషి గొప్పతనం తెలియాలంటే ఒక్కసారైనా జబ్బు చేయాలి. ఏ దవాఖానాలో పడుకున్నాడన్నదే లెక్క. నాకు ఇరవై ఆరేళ్లు, కొత్తగా పెళ్లయింది, నాచారంలో రంగు డబ్బాల ఫ్యాక్టరీలో పని. మా షడ్డకుడు (అంటే మా ఆవిడ అక్క భర్త) సర్కారీ కంపెనీలో ఉద్యోగి. ఆయనకు ఆరోగ్య బీమా కార్డు ఉండేది, నాకు లేదు. మా అత్త ఇద్దరల్లుళ్ల మధ్య చూపించే తేడా అంతా ఆ కార్డు వల్లనేనని నా నమ్మకం.

ఒకసారి ఆయన కడుపునొప్పితో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. చూడటానికి వెళ్తే ఏసీ గది, టీవీ, పిడి తిప్పితే లేచే మంచం! మా అత్త పక్కన కూర్చుని ఆపిల్ ముక్కలు అందిస్తూ, “మా పెద్దల్లుడు ఏసీ లేకుంటే ఉండడు బిడ్డా,” అని నర్సుతో చెబుతోంది (ఆయనింట్లో ఉన్నది గరగరలాడే టేబుల్ ఫ్యాను). రెండు రోజులని చేరినవాడు మూడో రోజు కూడా ఉన్నాడు. తిరిగి వస్తూ బస్సులో, “గ్యాస్ నొప్పికి గింత దవాఖానా అవసరమా?” అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, “నొప్పి ఆయనకొచ్చింది, మంట నీకొచ్చింది,” అంది.

మరుసటి ఏడు నన్ను పర్మనెంట్ చేసి నాకూ కార్డు ఇచ్చారు. ఇక రోజూ పొద్దున్నే ఒళ్లంతా నొక్కి చూసుకునేవాణ్ని. ఎక్కడా ఏమీ లేదు. చివరికి డబ్బాలు ఎత్తబోతే నడుం పట్టేసింది. సంతోషంగా గడ్డం గీయించుకుని అదే ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నొప్పి ఎక్కడని అడగలేదు, కార్డు అడిగింది. నడుం కోసం వెళ్తే రక్తం, గుండె, కడుపు, అన్నీ చూశారు. నేనూ వద్దనలేదు. చేతి నుంచి పోయేదేమీ లేదు కదా, పనిలో పనిగా కళ్లు కూడా చూడమన్నాను. సాయంత్రం మా అత్త వచ్చి గది నాలుగు మూలలూ చూసి, “బాగనే ఉన్నది,” అంది. ఆ మాటకు సగం నొప్పి దిగిపోయింది.

మర్నాడు డాక్టరు వచ్చి, “అపెండిక్స్ కొంచెం వాచినట్టుంది. కార్డుంది కదా, తీసేద్దాం, సంతకం పెట్టండి,” అన్నాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. కాసేపటికి షడ్డకుడు వచ్చాడు. ఎకసెక్కెం చేస్తాడనుకున్నాను. తలుపు దగ్గరికేసి, “నాకు సుత గిదే చెప్పిన్రు తమ్మీ. సంతకం పెట్టాల్నా వద్దా అని పరేషానై గా మూడో రోజు ఉన్న, సోకుకు గాదు. ఆఖరికి ఇంకో డాక్టర్‌కు సూపెట్టుకుంటే ఏం లేదన్నడు. గప్పుడు నువ్వు సూడొచ్చి, చకచక నడుచుకుంట పోతుంటే నీ మీద మస్తు కుళ్లుకున్న,” అన్నాడు. నా మీద!

ఆయనే నన్ను డిశ్చార్జి చేయించి, స్కూటర్ మీద నాగోల్‌లో ఒక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు రిపోర్టులు చూసి, పొట్ట నొక్కి, “నీ అపెండిక్స్ బంగారం లెక్క ఉంది. డబ్బాలు జర చూసి ఎత్తు,” అని పంపేశాడు. దారిలో షడ్డకుణ్ని మొదటిసారి మనసారా ‘అన్నా’ అని పిలిచాను.

ఇప్పుడు నాకు షుగరుంది, బీపీ ఉంది, కార్డు వాడని ఏడాది లేదు. ఏసీ గదిలో చలికి దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు, ఒక్క జబ్బూ లేదని దిగులుపడిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాడి మీద కాస్త కుళ్లు కూడా పుడుతుంది.