సద్దుల నాడు తెగిన సూర్యకాంతులు

సూర్యకాంతి పచ్చిగింజలోంచి సూదిమొనంత మొలకను తీసి, గాజు గొట్టంలో పెంచి, మట్టిలో పూయించడం మా తమ్ముని బిడ్డ సుగుణ సాధించిన మొదటి విజయం. అంతకుముందు రెండేళ్లు గొట్టాలన్నీ బూజుపట్టాయి. 1983లో ఆ పువ్వును వరంగల్ పోయి కళ్లారా చూసినవాణ్ని నేను.

ఏడో తరగతిలో సుగుణ తాలూకాకే మొదటిది. మా వంశంలో వ్యవసాయ డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. వరంగల్ విత్తన క్షేత్రంలో కొలువు వచ్చాక నాకూ పాఠం చెప్పింది.

“గింజ ముదిరి, ఎండి, మొలిచేదాక ఆగితె ఏడాదంత అండ్లనే పోతది పెద్దబాపూ. పచ్చిగున్నప్పుడే మొలక దీస్తె కొత్త రకం సగం కాలంలనే వస్తది.”

ఈ ఏడు ఆకుమచ్చ తెగులును తట్టుకునే రకాన్ని, నూనె బాగా దిగే రకంతో కలిపింది. తెగులును తట్టుకునే ఆ రకంలో ఈసారి మొలిచి నిలిచినవి రెండే మొక్కలు. తేనెటీగలు వాలకుండా వాటి పూలకు గుడ్డసంచులు కట్టింది. పూల పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున చూస్తే ఆ పూలు లేవు! క్షేత్రంలో కలుపు తీసే సోమక్క తన వాకిట్లో బతుకమ్మకు తంగేడు, గునుగు పూల నడుమ వాటిని పేరుస్తోంది.

“ఎంత పని జేసినవ్ సోమక్కా!” అంది సుగుణ.

“బతుకమ్మకే దాసిపెట్టిన్రనుకున్న బిడ్డా. లేకుంటె పూలకు అంగీలు తొడుగుతరా ఎవలన్న?”

“పేర్చినంక తీయొద్దు, అరిష్టం” అని పక్కింటి రాజక్క అడ్డుపడింది.

“నువ్వూకో రాజక్కా! మీద పసుపు గౌరమ్మనింక పెట్టనే లేదు. అప్పటిదాక ఇవి ఉత్త పూలే” అంటూ సోమక్క తన చేత్తోనే రెండు పూలూ ఊడదీసి, ఆ సందుల్లో బంతిపూలు కుక్కింది.

గింజలు పాలమీదున్నాయి. అవి ఇక ముదరవు. ఇంకొకరైతే పారేసేవాళ్లే. సుగుణ ఆ పూటే కూర్చుని మొలకలు తీసి గొట్టాల్లో పెట్టింది. తీరా పెట్టాక కరెంటు పోతూ వస్తూ ఉంది. గది వేడెక్కితే మొలకలు చస్తాయని, చల్లగది ఉన్న హైదరాబాదు ప్రయోగశాలకు మర్నాడే గొట్టాల పెట్టె చేతబట్టుకుని కాజీపేటలో రైలెక్కింది. సాగనంపడానికి నేనూ పోయాను.

“తెల్లగ బూజు కనవడ్డదంటె ఇగ అంతే పెద్దబాపూ. తల్లిమొక్కలు గూడ మల్ల పుయ్యవాయె.”

“జర ధైర్యం చేసుకో బిడ్డా” అన్నాను.

నిన్న ఫోనులో చెప్పింది. సగం గొట్టాలు బూజుపట్టాయట. మిగిలిన వాటిలో ఆకుపచ్చ కనిపిస్తోందట, కానీ వేళ్లు ఇంకా దిగలేదట. దిగినవాటిని కుండీల్లో నాటి వెంట తెస్తుంది. ఒక్కటైనా తెస్తుందని క్షేత్రంలో మడి తయారు చేయించారు. సుగుణ తిరిగి వచ్చేది 1985 నవంబరు 9, శనివారం.