కంపెనీ ఆస్తుల్లో నా చెవి

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత చదివినదంతా మోటర్ల మీద బిగించిన రేకు పలకలు, వైర్లు చుట్టి వచ్చిన పాత పత్రికలు, ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. మేడ్చల్ రోడ్డు పక్కన షెడ్డులో ఇరవై ఏళ్లు బోరు మోటర్లు బాగుచేశాను. చదువుకున్నవాళ్లు నన్ను వట్టి మెకానిక్ లెక్కన చూసినప్పుడల్లా కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది. నన్ను పట్టిచ్చింది ఆ మంటే.

రెండువేల సంవత్సరం దాటి, సెల్‌ఫోన్లు మా వైపు రైతుల జేబుల్లోకి వస్తున్న రోజుల్లో, ఇంజనీరింగు చదివిన నా అల్లుడు ఒక డబ్బా తయారుచేశాడు. ఇంట్లో కూర్చుని ఫోను కొడితే పొలంలో మోటరు నడుస్తుంది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోతే తనంతట తానే ఆపి, మోటరు కాలకుండా కాపాడుతుంది. నా షెడ్డులోనే కంపెనీ పెట్టాము. అతను ఉద్యోగం మానేశాడు. నా బిడ్డ టీచరు పని వదిలి ప్యాకింగుకు కూర్చుంది. ఏడాది తిరిగేసరికి చేతిలో ఉన్నది అయిపోయింది. పట్నంలో పెట్టుబడి పెట్టేవాళ్లు దొరికారు గానీ, పెట్టేముందు మా దగ్గర ఏముందో చూసి రమ్మని ఒక సారును పంపారు.

ఆ సారు కాగితం మీద నాలుగు గళ్లు గీశాడు. మీ దగ్గరున్న ప్రతిదానికీ నాలుగు ప్రశ్నలు అన్నాడు. ఇది పనికొస్తుందా? ఇంకొకరి దగ్గర లేనిదేనా? ఎవరూ నకలు కొట్టలేనిదేనా? మీరు దాన్ని సరిగ్గా వాడుకుంటున్నారా? నాలుగింటికీ అవునంటేనే పోటీలో నిలబడతారట. షెడ్డు ఎవరైనా అద్దెకు తీసుకోవచ్చు. మిషన్లు బజార్లో దొరుకుతాయి. అల్లుడి సర్క్యూటు, డబ్బా విప్పి చూస్తే నెలలో నకలు. రైతుల్లో మా మంచిపేరు శామీర్‌పేట దాటితే ఎవరికీ తెలియదు. వరసపెట్టి ఇంటూ మార్కులు. అల్లుడి మొహం పాలిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ బిడ్డ నా వైపు చూసింది.

నాకు ఆగలేదు. "డబ్బా ఇప్పుకపో సారూ. నకలు గొట్టుకో. తూంకుంట కాడ పొలంల వెట్టు. నడిస్తె నేను గీ పని ఇడిసిపెడ్త" అన్నాను.

ఆ మధ్యాహ్నమే పోయాము. అల్లుడు డబ్బా బిగించాడు. మోటరు నడిచింది, ఆగింది, మళ్లీ నడిచింది, ఆగింది. డబ్బా లోపల స్క్రూ లాంటి చిన్న మర ఒకటి ఉంటుంది. బిగిస్తే మోటరు ఊరికే ఆగుతుంది, వదులు చేస్తే కాలుతుంది. ఎంత తిప్పాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు, ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక్కో తీరు. నేను మరలు తిప్పే పేచ్‌కస్ మొన మోటరుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. మరను పావు చుట్టు తిప్పాను. నీళ్లు ఆగకుండా పడ్డాయి. ఎలా తెలిసిందని సారు అడిగితే, ఇది కాగితం మీద లేదు, ఎవరికీ చెప్పలేదు, నా చెవిలోనే ఉందని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆయన కొత్త వరస గీసి, నా పేరు రాసి, నాలుగు గళ్లలోనూ టిక్కు కొట్టాడు. చదువుకున్న మనిషి చేత మార్కులు వేయించుకోవడం నాకు జన్మలో అదే మొదలు. దారి పొడుగునా తలెత్తుకుని వచ్చాను, బుద్ధిలేనివాణ్ని.

పెట్టుబడివాళ్లు రాసుకొచ్చిన ఒప్పందంలో, కంపెనీ ఆస్తుల వరసలో నేను షెడ్డుకు కింద, మిషన్లకు పైన ఉన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాను. పదేళ్లు కంపెనీ విడిచి పోరాదు. వేరే కంపెనీ డబ్బాకు చేయి పెట్టరాదు. నా పని బయటివాళ్లకు నేర్పరాదు. ఏది తప్పినా వాళ్లు పెట్టినదంతా అల్లుడు తిరిగి ఇచ్చుకోవాలి.

"నేనేమన్న అంగట్ల గొన్న ఎద్దునా అల్లుడా?" అన్నాను.

"నువ్వే గద మామా చెప్పినవ్, నువ్వు లేకుంటే నడ్వదని" అన్నాడు అతను, నేల చూస్తూ.

బిడ్డ మాత్రం, "నీకిష్టం లేకుంటే వద్దు నాయినా. మేం ఇంకేదన్న జూసుకుంటం" అంది. ఆ ఇంకేదన్నా అనేది ఎక్కడా లేదని ముగ్గురికీ తెలుసు. సంతకం పెట్టాను.

కంపెనీ పెరిగింది. షెడ్డులో నాకు అద్దాల గది కట్టారు. నా బల్లకు ఎదురుగా, పెట్టుబడివాళ్లు పెట్టిన పట్నం మనిషి ఒకడు కూర్చునేవాడు. నేను ఎటు పోయినా, ఎప్పుడు వచ్చినా రాసుకునేవాడు.

నాలుగో ఏడు ఎండాకాలం శామీర్‌పేట నుంచి ఒక రైతు వచ్చాడు, నా పాత గిరాకీ. వేరే కంపెనీ డబ్బా చవకగా వస్తోందని కొన్నాడట. పావుగంటకోసారి ఆగుతోందట. వరి పొట్ట మీద ఉంది. పైరు ఎండుతోందని ఎవరొచ్చినా మెకానిక్కు లేవాలి, మా వైపు అది కట్టుబాటు. ముందున్న అన్నం వదిలి లేచిన రోజులున్నాయి నాకు. ఆ రోజు లేవలేదు.

"ఏందన్నా, అద్దాల రూంల గూసుంటే కాళ్లు మొద్దువారినయా?" అని నవ్వాడు. ఒప్పందం సంగతి చెప్పాను. నవ్వు ఆపి, "నీ చేతులు నీయి గావా?" అన్నాడు. ఎదురు బల్ల మనిషి తలెత్తి చూశాడు.

చాయ్ తాగి వస్తానని చెప్పి, రైతు బండి వెనక కూర్చుని పోయాను. గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఏం చేయాలో నోటితో చెప్పాను. అది నేర్పడమే, అదీ తప్పే. అతను పేచ్‌కస్ చెవికి పెట్టుకున్నాడు. ఏం వినబడుతోందని అడిగాను.

"గుయ్యిమంటాందన్నా. ఇంకేముంటది?"

ఆ గుయ్యిలో మూడు గొంతులుంటాయి. ఏది బొంగురుపోయిందో పట్టుకోవాలి. అది ఎలా చెప్పను? కొంచెం అటు, కొంచెం ఇటు అన్నాను. ఆగింది. మళ్లీ ఆగింది. వెనక నా వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. పావు చుట్టు పని. ప్యాకింగు బల్ల దగ్గర బిడ్డ కళ్లముందు మెదిలింది. చేయి పెట్టలేదు.

మరునాడు రైతు విసిగిపోయి ఆ డబ్బా పీకేసి మోటరుకు కరెంటు నేరుగా కలుపుకున్నాడు. ఒక ఫేజు పోయింది, మోటరు కాలింది. వైండింగు చేయించుకొచ్చేసరికి వెన్నులు తెల్లబడి తాలు పోయాయి.

తర్వాతి పంటకు మా డబ్బానే కొన్నాడు. పట్నం మనిషి సంబరపడి, పోటీ కంపెనీ గిరాకీ మనకు వచ్చిందని పైవాళ్లకు రాశాడు. కంపెనీ చొక్కా వేసుకుని బిగించడానికి నేనే పోయాను. రైతు ఇంట్లోంచి కుర్చీ మోసుకొచ్చి గట్టు మీద వేశాడు.

"కూసోండి సార్" అన్నాడు.

మర తిప్పాను, నీళ్లు పడ్డాయి. అతను మా కాగితం మీద సంతకం పెట్టి, నా మొహం చూడకుండా మడిలోకి దిగిపోయాడు. ఒప్పందంలో అప్పటికి ఇంకా ఆరేళ్లు మిగిలి ఉన్నాయి.