మెత్తని వరుసలోని గాట్లు

పదేళ్లకు పైగా ఈ బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది నల్లగొండలో గిన్నెలకు కళాయి పెట్టే పని. పందొమ్మిది వందల యాభైల్లో ఒకసారి చర్చిలో, గొట్టాల్లోకి గాలి పోయి పలికే పెద్ద ఆర్గన్‌కు ఒక గొట్టం అతుకు ఊడిందని పిలిచారు. మా తాత కాలంలో అది ఓడ మీద, ఆ తర్వాత ఎడ్ల బండ్ల మీద పెట్టెల్లో వచ్చిందట. దాన్ని వాయించే మార్తమ్మ టీచరు నా ఆత్రం చూసి నవ్వి, ఒక్కో గొట్టాల వరుసకున్న పిడి లాగి, మెట్లు నొక్కి వినిపించారు. చెక్క గొట్టాలది బొంగురు గొంతు. ముందు వరుసలోని లోహపు గొట్టాలు చర్చంతా నింపేశాయి. వెనక వరుస ఎంత మెత్తగా పలికిందంటే, స్వరం ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఆ రెండు వరుసలూ తగరం, సీసం కలిపి చేసినవే, నేను రోజూ కరిగించేవే. అదే లోహం ఒకచోట గర్జించి, ఇంకోచోట గుసగుసలాడడమేమిటి?

ఆమె బడికి వెళ్లగానే అతుకు పెట్టేసి, మెత్తని వరుస గొట్టాల నోళ్లలోకి తొంగి చూశాను. లోపలి రేకు అంచున సన్నటి గాట్లు. మా పనిలో గిన్నె మీద గాటు మిగిలితే సిగ్గుచేటు. ఎవడో పనితనం లేనివాడు వదిలేశాడనుకుని, ఆకురాయితో ఏడు గొట్టాలు నున్నగా చేశాను.

ఆదివారం బయట నిలబడి విన్నాను. ఆ గొట్టాలు పలికే ముందు ఉమ్మినట్టు చిన్న చప్పుడు. గాలిని మెత్తబరిచేవి ఆ గాట్లేనని అప్పుడు అర్థమైంది. భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే, ముందు కలిగింది సంతోషం, గుట్టు తెలిసిందని. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు టీచరమ్మ నా దుకాణానికి వచ్చారు.

“మెత్త వరుస తుపుక్కుమంటాంది. అందరు మంచిగనే ఉందంటున్నరు. లోపలేమన్న ముట్టినవా?”

“లేదు టీచరమ్మా. అతుకే పెట్టిన.”

“గట్లనా? అయితే నా చెవులే పోతున్నయ్.”

నా మాట నమ్మారు. ఎందుకు నోరు విప్పలేదు? పనిమంతుడినన్న పేరు పోతుందనా? అంతే అనుకుంటాను. ఆ నెలలోనే ఆమె ఆర్గన్ తాళం చర్చి పెద్దలకు ఇచ్చేశారు. మళ్లీ వాయించలేదు. ఒకసారి నా దుకాణంలో గిన్నెను గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. నేను ఎదురుగానే కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు.

పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూశారు. ఆమె చెవులకు ఏమీ కాలేదు. ఆ ఏడు గొట్టాలు చెడగొట్టింది నేను.